“డూప్లికేట్ చేయరాదు” అని చెక్కిన తాళంచెవికి నకలు పడదా? కిరాయి ఇండ్లు, దుకాణాలు, మిల్లుల వాళ్ల కోసం

పడుతుంది. చెవి తల మీద ‘డూ నాట్ డూప్లికేట్’ అని ఎంత లోతుగా చెక్కి ఉన్నా, దాని గాడికి సరిపోయే బ్లాంకు, అంటే ఇంకా పళ్లు కోయని చెవి, ఉన్న దుకాణంలో అది ఐదు నిమిషాల పని. నల్లగొండ ప్రకాశం బజార్ అయినా, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ అయినా, ఊరి అంగట్లో గొడుగు కింద ఆకురాయి పట్టుకొని కూర్చున్న చాబీలాయన అయినా ఇందులో తేడా లేదు. కొందరు ముద్ర చూసి ‘ఓనర్‌ను తోలుకరా’ అంటారు. అది వాళ్ల మంచితనం, తాళం గొప్పేమీ లేదందులో. ఒకరు కాదంటే పది అడుగుల అవతల ఇంకొకరు ఉంటారు.

చెవి కోసే మిషన్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. దానికి రెండు దవడలు ఉంటాయి. ఒకదాంట్లో అసలు చెవి, రెండోదాంట్లో బ్లాంకు బిగిస్తారు. అసలు చెవి పళ్ల మీద సన్నని గైడ్ ఒకటి పాకుతుంటే, దాని పక్కనే తిరిగే చక్రం బ్లాంకును అవే ఎత్తుపల్లాల్లో కోసుకుంటూ పోతుంది. మిషన్‌కు పళ్ల అంచుతోనే పని, తల మీది అక్షరాల దాకా గైడ్ పోనే పోదు. కొత్తగా చేతికొచ్చే చెవి తల నున్నగా ఉంటుంది. ఆ నున్నటి చెవిని పట్టుకొని మళ్లీ పోతే, మొదట కాదన్నాయన కూడా అడ్డు చెప్పకుండా ఇంకో నాలుగు చేసిస్తాడు. తలకు రంగు ప్లాస్టిక్ తొడుగు వేసేస్తే అసలు చెవి మీది ముద్ర కూడా కనపడదు.

చట్టం ఆపుతుందేమో అనుకునేవాళ్లూ ఉన్నారు. ముద్ర ఉన్న చెవికి నకలు తీయడమే నేరమని చెప్పే సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో లేదు. ఆ నకలుతో తాళం తీసి దొంగతనానికో మరో నేరానికో ఇంట్లోకి దూరితే అది ఇల్లు పగలగొట్టి చొరబడిన నేరం కిందికి వస్తుంది, నివాసంలో దొంగతనానికి 305వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. కానీ అది జరిగిపోయాక వచ్చే శిక్ష. ఈ ముద్ర బాగా పాకిన అమెరికాలోనూ సంగతి ఇంతే. అక్కడ పోస్టాఫీసు పెట్టెల చెవులు, రక్షణ శాఖ చెవులు వంటి కొన్నింటికి ప్రత్యేక చట్టాలు ఉన్నాయి గానీ, మామూలు ఇంటి చెవి మీది ముద్రకు ఆ బలం లేదు. అక్కడి తాళాల పనివాళ్ల సంఘం ఏఎల్ఓఏ కూడా ఈ ముద్రను రక్షణ కింద లెక్కపెట్టొద్దనీ, లేని ధీమా ఇస్తుందనీ చెబుతుంది.

మరి నకలును నిజంగా ఆపేది ఏమిటి?

బ్లాంకు దొరకకపోవడం. ప్రతి తాళానికి చెవి దూరే రంధ్రం ఒక ప్రత్యేకమైన వంపుల గాడిలో ఉంటుంది. ఆ గాడి మామూలుదైతే, దానికి సరిపోయే కోయని చెవులు హోల్‌సేల్‌లో డజన్ల లెక్కన దొరుకుతాయి. గాడి మీద కంపెనీకి పేటెంటు ఉంటే వేరేవాళ్లు ఆ బ్లాంకు చేసి అమ్మడానికి వీల్లేదు. కంపెనీ కూడా బ్లాంకులను బజారుకు వదలకుండా తన అధీకృత డీలర్లకే ఇస్తుంది. తాళంతో పాటు యజమానికి ఒక కార్డు వస్తుంది. కార్డు, సంతకం చూపిస్తేనే కొత్త చెవి కోస్తారు. ఫిన్లాండ్ వాళ్ల అబ్లాయ్, ఆస్ట్రియా వాళ్ల ఈవీవీఏ, ఇజ్రాయెల్ వాళ్ల మల్-టి-లాక్, అమెరికా వాళ్ల మెడెకో ఈ బాటలో పేరున్నవి. మన జిల్లా కేంద్రాల్లోని హార్డ్‌వేర్ దుకాణాల్లో ఈ రకం సరుకు అరుదు. కావాలంటే ఎక్కువగా హైదరాబాద్ డీలర్ ద్వారానే తెప్పించుకోవాలి.

కొనేటప్పుడు రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి. ఒకటి, పేటెంటు ఏ సంవత్సరం దాకా ఉంది? పేటెంటు గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. అది తీరిపోయిన గాడికి ఎవరైనా బ్లాంకు చేసుకోవచ్చు. అందుకే కొన్ని కంపెనీలు పాత మోడల్ గడువు దగ్గరపడగానే చిన్న మార్పుతో కొత్త మోడల్ తెస్తాయి, పాతదాన్ని తగ్గింపు ధరకు అమ్ముతాయి. రెండోది, ఆ పేటెంటు భారతదేశంలో ఉందా? పేటెంటు ఏ దేశంలో తీసుకుంటే ఆ దేశంలోనే చెల్లుతుంది. పెట్టె మీద ‘పేటెంటెడ్’ అని రాసి ఉంటే సరిపోదు. దుకాణదారు ఈ రెండింటికీ నీళ్లు నమిలితే ఎక్కువ ధర పెట్టాల్సిన పని లేదు.

కార్డు వచ్చాక దాన్ని చెవుల గుత్తితో పాటు పర్సులో పెట్టుకుంటారు చాలామంది. అంతకన్నా తెలివితక్కువ పని లేదు. పర్సు పోతే చెవీ పోయినట్టే, కొత్త చెవి చేయించుకునే హక్కూ పోయినట్టే. కార్డు బీరువాలో ఉండాలి.

మీ చేతిలో ఉన్న చెవి ఏ రకం?

చదునైన చెవి, చివర చతురస్రపు పళ్లు, ఆరో ఏడో లివర్లని రాసిన తాళంకప్ప అయితే చాబీలాయన మిషన్ కూడా ముట్టడు, ఆకురాయితోనే చేసేస్తాడు. లోపల ఒక్కో లివరు, అంటే చెవి పన్ను లేపే రేకు, సరిగ్గా తన ఎత్తుకు లేవాలి. తక్కువ లేచినా ఎక్కువ లేచినా తాళం రాదు. చెయ్యి తిరిగిన పనివాడికి అదేం కష్టం కాదు.

పైఅంచున కొండల్లా పళ్లుండే చెవి పిన్నుల తాళానిది. మధ్యలో తిరిగే గొట్టం, దాని మీద ఐదో ఆరో జతల పిన్నులు, వాటి పైన స్ప్రింగులు. సరైన చెవి దూరితే ప్రతి జత మధ్య చీలిక గొట్టం అంచుకు సరిగ్గా వచ్చి ఆగుతుంది, గొట్టం తిరుగుతుంది. పైన చెప్పిన నకలు మిషన్ పని ఈ చెవుల మీదే.

రెండు వైపులా గుంటలుండే చెవిని మన దగ్గర కంప్యూటర్ చాబీ అంటారు. దాని పేరు చూసి నకలు పడదనుకోవడం పెద్ద పొరపాటు. గుంటలు తొలిచే మిషన్లు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ ఉన్నాయి. ఇందులోనే ఒక మేలు రకం ఉంది, చెవి ఒంట్లో కదిలే చిన్న పిన్నో గుండో, లేదా అయస్కాంతమో ఉంటుంది. గోరుతో నొక్కితే పిన్ను కదలడం తెలుస్తుంది. లోహాన్ని కోసే మిషన్ ఆ కదిలే భాగాన్ని పుట్టించలేదు కాబట్టి ఆ భాగమున్న బ్లాంకే కావాలి.

అనుమానం ఉంటే సులువైన పరీక్ష ఉంది. చెవి తీసుకొని ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు చాబీలవాళ్లను అడగండి, ‘దీనికి బ్లాంకు ఉందా?’ అని. ఇద్దరూ లేదంటే కొంచెం నమ్మకం పెట్టుకోవచ్చు. ఒక్కరు ఉందన్నా ఆ తాళాన్ని మామూలు తాళం కిందే లెక్కేసుకోండి. అపార్టుమెంటు గేటు కార్డులదీ ఇదే కథ. 125 కిలోహెర్ట్జ్ రకం పాత కార్డుల్లో ఉండేది ఒక నంబరే, గుప్తలిపి ఉండదు. కార్డు మీద ఏం ముద్రించినా ఆ నంబరును క్షణాల్లో ఖాళీ కార్డులోకి ఎక్కించవచ్చు.

కిరాయిదారు ఖాళీ చేసినప్పుడు

ఎక్కువ మందికి ఈ విషయంతో పని పడేది ఇక్కడే. పోర్షన్ ఖాళీ చేసినవాళ్లు రెండు చెవులూ తిరిగి ఇచ్చేశారు. మధ్యలో ఎన్ని నకళ్లు తీశారో, పనిమనిషికి ఒకటి ఇచ్చారో, ఊరి నుంచి వచ్చిన బామ్మర్దికి ఒకటి చేయించారో మీకెట్ల తెలుస్తుంది? అడిగి లాభం లేదు, సిలిండర్ మార్చాలి, అంటే తాళంలో చెవి దూరి తిరిగే భాగం. తాళం మొత్తం మార్చనక్కర లేదు, తలుపు కొత్తగా తొలచనక్కర లేదు.

హ్యాండిల్ ఉన్న తాళమైతే ముందు తలుపు తెరిచి పెట్టుకోండి, ఈ పని ఎప్పుడూ మూసిన తలుపు మీద చేయొద్దు. తలుపు మందంలో కనిపించే పట్టీ మీద, సిలిండర్‌కు సరిగ్గా ఎదురుగా ఉన్న పొడవాటి స్క్రూ ఒక్కటే విప్పాలి. పట్టీకి పైనా కిందా ఉన్నవి తాళం డబ్బావి, వాటి జోలికి పోవద్దు. ఇప్పుడు చెవి పెట్టి లాగితే సిలిండర్ రాదు. దాని మధ్యలో ఉండే నాలుక తాళం లోపల అడ్డంగా ఉంటుంది కాబట్టి చెవిని పది పదిహేను డిగ్రీలు అటూ ఇటూ తిప్పుతూ మెల్లగా లాగండి. నాలుక ఒంటికి సమంగా వచ్చిన చోట మొత్తం జారి బయటికి వస్తుంది. సుత్తి పని అస్సలు లేదు.

బయటికి తీసినదాన్ని కొలవండి. మొత్తం పొడవొక్కటే చూసి కొనుక్కొచ్చి తిప్పలు పడేవాళ్లు చాలామంది. స్క్రూ రంధ్రం మధ్య నుంచి బయటి కొసకు ఎంత, లోపలి కొసకు ఎంత అని విడివిడిగా మిల్లీమీటర్లలో రాసుకోవాలి. 60 అంటే 30, 30 అయ్యుండొచ్చు. 70 అంటే 35, 35 కావచ్చు, 30, 40 కూడా కావచ్చు. కొత్త సిలిండర్ బయటి పలక కన్నా 3 మిల్లీమీటర్లకు మించి ముందుకు పొడుచుకొని రాకూడదు. వస్తే దొంగ దాన్ని పట్టుకారుతో పట్టి విరుస్తాడు. స్క్రూ రంధ్రం ఉన్న చోటే దాని ఒంట్లో అన్నిటికన్నా పలుచన, విరిగేది అక్కడే.

కొత్తది పెట్టాక తలుపు తెరిచి ఉంచే రెండు వైపుల నుంచీ పదేసి సార్లు తిప్పి చూడండి. చెవి బరువుగా తిరిగితే స్క్రూ మరీ బిగిసిందని అర్థం, పావు చుట్టు వదులు చేస్తే సరిపోతుంది. ఇంకో సంగతి: రెండు వైపులా చెవితో పనిచేసే మామూలు సిలిండర్లలో లోపలి వైపు చెవి వదిలేసి తలుపు పడిపోతే, బయటి చెవి పూర్తిగా దూరదు. ముసలివాళ్లు, పిల్లలు ఉన్న ఇంటికి లోపలి వైపు చేత్తో తిప్పే బిళ్ల ఉన్నది కొనడం మేలు.

మూడు నాలుగు పోర్షన్ల ఇల్లున్నవాళ్లు అన్ని తలుపులకూ ఒకే కొలత సిలిండర్ పెట్టుకొని, అదనంగా ఒకటి చేతిలో ఉంచుకుంటే ఖర్చు తగ్గుతుంది. ఖాళీ అయిన పోర్షన్‌కు అదనపుది బిగించి, తీసినదాన్ని తేదీ రాసి డబ్బాలో వేయాలి. దాన్ని అదే ఇంట్లో పక్క పోర్షన్‌కు వెంటనే వేయకండి, పాత కిరాయిదారు దగ్గర దానికి చెవి ఉండి ఉండొచ్చు. ఇంకో ఊళ్లోని ఇంటికో, పొలం దగ్గరి మోటారు గదికో పంపండి.

గొళ్లేనికి తాళంకప్ప వేసే పాత ఇండ్లలో కప్ప మార్చడమే. చవక కప్పల్లో తేడా చెవులు తక్కువ రకాలే ఉంటాయి, ఒక పెట్టెలోనే ఒకదాని చెవి ఇంకోదానికి పలకడం జరుగుతుంది. దుకాణంలోనే రెండు మూడు కప్పలు తీయించి చెవులు మార్చి తిప్పి చూసి కొనండి. చెవి మీద నంబరు ఉంటే రెండు తలుపులకు రెండు వేర్వేరు నంబర్లు చూసుకోండి. ఆ నంబరును బట్టి కూడా కొన్ని తాళాలకు చెవి కోయవచ్చు కాబట్టి, నంబరు ఉన్న బిళ్లను గుత్తికి వేలాడదీయకుండా పుస్తకంలో రాసి దాచండి.

కిరాయి కాగితంలో రెండు వాక్యాలు చేర్చుకుంటే చాలు: ఎన్ని చెవులు ఇచ్చారు, ఖాళీ చేసేటప్పుడు అన్నీ రాకపోతే సిలిండర్ ఖర్చు ఎవరిది. ‘నకలు తీయరాదు’ అని రాయడం కన్నా ఇది గట్టిది, ఎందుకంటే నకలు తీశారని మీరు రుజువు చేయలేరు, సిలిండర్ బిల్లు మాత్రం చూపించగలరు.

కొత్త ఇల్లు, మిల్లు, హాస్టలు

ఇల్లు కట్టే ఏడాదంతా చెవి మేస్త్రీ దగ్గర, టైల్స్‌వాళ్ల దగ్గర, వడ్రంగి దగ్గర, పెయింటర్ దగ్గర తిరుగుతుంది. అప్పుడు చవక సిలిండర్ ఒకటి వేసి, గృహప్రవేశం ముందు రోజు అసలుది బిగించడం మంచి పద్ధతి. కొన్ని కంపెనీల తాళాల్లో యజమాని చెవి మొదటిసారి తిప్పగానే పనివాళ్ల చెవి పనిచేయడం మానేసే ఏర్పాటు ఉంటుంది. అది దొరికితే ఇంకా నయం.

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో, సూర్యాపేట గోదాముల్లో చెవులు చేతులు మారడం ఎక్కువ. అక్కడ రెండు తాళాల పద్ధతి పనికొస్తుంది. ఒకే తలుపుకు వేర్వేరు రకం కప్పలు రెండు, చెవులు ఇద్దరి దగ్గర. ఒకదానికి నకలు తీసినా తలుపు రాదు. సరుకు తాకట్టు పెట్టుకొని అప్పిచ్చే బ్యాంకులు గోదాముకు తమ తాళం వేసుకోవడంలో ఉన్న కిటుకు ఇదే. కానీ గొళ్లెం స్క్రూలు బయటికి కనిపిస్తుంటే ఎన్ని తాళాలైనా దండగే. స్క్రూడ్రైవర్ ఉన్నవాడికి చెవితో పనేముంది? మూసినప్పుడు స్క్రూలను కప్పే గొళ్లెం వేయించండి, లేదా లోపలి వైపు నట్లు బిగించే బోల్టులు పెట్టించండి.

చెవుల మీద చెక్కాల్సింది వేరే ఉంది. 3 మిల్లీమీటర్ల అంకెల పంచులు తెచ్చి ప్రతి చెవి తల మీద వరుస సంఖ్య కొట్టండి. ‘గోదాం 2’, ‘ఆఫీసు’ అని మాత్రం కొట్టొద్దు, పోయిన చెవి దొరికినవాడికి దారి చూపినట్టు అవుతుంది. రిజిస్టర్‌లో సంఖ్య, తీసుకున్నవారి పేరు, తేదీ, సంతకం, తిరిగి ఇచ్చిన తేదీ. నెలకోసారి అన్ని చెవులూ తెచ్చి బల్ల మీద పెట్టమనండి. సంఖ్య లేని చెవి ఎవరి గుత్తిలో కనిపించినా అది నకలే. నున్నటి తల అక్కడ పట్టిస్తుంది.

హాస్టళ్లు, లాడ్జీలు మాస్టర్ చెవి మీద, అంటే అన్ని గదులనూ తెరిచే ఒకే చెవి మీద ఆధారపడతాయి. 2003లో మ్యాట్ బ్లేజ్ అనే అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక గది చెవి, దాని తాళం అందుబాటులో ఉన్న మనిషి మొత్తం భవనం మాస్టర్ చెవిని కనిపెట్టగలడని చూపించాడు. దానికి కావాల్సిన సరుకు ఆ గాడి బ్లాంకులు కొన్ని, అంతే. అందుకే మాస్టర్ పద్ధతి పెట్టుకునే చోట బ్లాంకు బజారులో దొరకని తాళమే వాడాలి. అంత ఖర్చు వద్దనుకుంటే స్టోరు గది, డబ్బు లెక్కల గది, ఆడపిల్లల హాస్టల్ గదులను మాస్టర్ నుంచి తప్పించి విడి తాళాలు వేయడం ఉత్తమం.

చెవిని చేతికివ్వకపోయినా నకలు పడొచ్చు. గృహప్రవేశం రోజు దంపతులు చెవి ఎత్తి పట్టుకొని దిగే ఫొటో అందరికీ ముచ్చటే. పళ్లు స్పష్టంగా కనిపించే ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియెగో పరిశోధకులు 195 అడుగుల దూరం నుంచి తీసిన ఫొటోతో చెవి పళ్ల లోతులు లెక్కగట్టి నకలు చేసి చూపించారు. అమెరికా విమానాశ్రయాల్లో తనిఖీకి సూట్‌కేసులు తెరిచే టీఎస్ఏ అనే భద్రతా సంస్థ మాస్టర్ చెవుల ఫొటో పత్రికలో పడితే, 2015లో వాటి త్రీడీ ప్రింట్ నమూనాలు ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి. పిల్లల దగ్గరికి అమెరికా పోయేటప్పుడు కొనే, ఆ చెవులకు తెరుచుకునే ఎర్ర గుర్తు తాళాలు జిప్పు తెరుచుకోకుండా చూస్తాయి, అంతకు మించి ఆశ పెట్టుకోకండి.

మీకే నకలు కావాల్సి వస్తే

ఎప్పుడూ కంపెనీ ఇచ్చిన అసలు చెవి నుంచే చేయించండి. నకలుకు నకలు తీస్తూ పోతే ప్రతిసారీ కొంచెం కొంచెం తేడా చేరుతుంది. అసలు చెవి ఒకటి వాడకుండా నమూనాగా దాచిపెట్టుకోవడం అందుకే. మిషన్‌లో బిగించేటప్పుడు రెండు చెవుల తల కింది మెట్లు ఒకే గీతలో ఉన్నాయా అని చూడండి, పొరపాటు ఎక్కువగా జరిగేది అక్కడే. కోశాక బ్రష్ చక్రం మీద గరుకు తీయించండి, లేకపోతే ఇత్తడి పొడి తాళంలోకి రాలుతుంది.

రెండు చెవులను వీపుకు వీపు ఆనించి వెలుతురుకు పెట్టి చూడండి. ఆ తరువాత తలుపు తెరిచి ఉంచి తిప్పండి. చెవి దూరి అసలు తిరగకపోతే ఏదో పన్ను ఎత్తుగా మిగిలి ఉండొచ్చు, లేదా ఎక్కువ లోతుగా కోసి ఉండొచ్చు. కొంచెం వెనక్కి లాగితేనే తిరుగుతుంటే మెట్టు జరిగింది, దాన్ని ఆకురాయితో సరిచేయడం కుదరదు, కొత్తది కోయించాలి. పట్టుకారుతో బలవంతంగా తిప్పితే ఇత్తడి చెవి లోపలే విరుగుతుంది.

అసలు చెవే బిగుసుగా తిరుగుతుంటే తప్పు తాళానిది కావచ్చు. మన ఎండకు, దుమ్ముకు కొబ్బరినూనె పోసిన తాళం నెలల్లో బంకగా మారుతుంది. గ్రాఫైట్ పొడి గానీ పొడిగా ఆరే స్ప్రే గానీ వాడండి. నూనె ముందే పోసి ఉంటే దాన్ని కడిగి ఆరబెట్టాకే గ్రాఫైట్ వేయాలి. రెండూ కలిస్తే ముద్ద కడుతుంది.

కారు చెవిలో చిప్ ఉంటే లోహం కోయడం సగం పనే, చిప్‌ను బండికి నేర్పించాలి. రెండు చెవుల్లో ఒకటి పోతే వెంటనే పోలీసు ఫిర్యాదు ఇచ్చి కాగితం దాచండి. బండి దొంగతనం క్లెయిము వచ్చినప్పుడు బీమా కంపెనీ రెండు చెవులూ అడుగుతుంది.

బ్యాంకు లాకరు చెవికి బయట నకలు తీయించే ప్రయత్నం చేయకండి. లాకరు తెరవడానికి మీ చెవితో పాటు బ్యాంకు చెవి కూడా తిరగాలి. లాకరు చెవుల మీద బ్యాంకు లేదా బ్రాంచి గుర్తింపు కోడ్ ఉండాలని ఆర్‌బీఐ 2021 ఆగస్టు నాటి ఆదేశాల్లో చెప్పింది, పోలీసులు ఎప్పుడైనా ఆ లాకరు ఎక్కడిదో పోల్చుకోవడానికి. చెవి పోతే బ్రాంచిలో రాతపూర్వకంగా చెప్పాలి. లాకరు కంపెనీ మనిషి మీ ఎదుట తాళం పగలగొట్టి కొత్తది వేస్తాడు, ఖర్చు మీదే.